పండుగకు పండుగకు ఏడాది

రియాద్‌లో నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేది. విన్నవాళ్లు నమ్మడానికి ఇంకో ఐదు నిమిషాలు. అమెరికా కంపెనీలతో కలిసి పనులు చేసే ఒక పెద్ద సంస్థలో లీగల్ విభాగం ఉండేది. అమెరికా కోర్టులు కొత్తగా ఇచ్చిన తీర్పులు రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చిపడేవి. ఇన్సూరెన్స్, పేటెంట్లు, పన్నులు, వీసాలు, కార్మికుల పనిగంటలు, ఖైదీల అర్జీలు, ఒకటేమిటి. నలభై పేజీల తీర్పును అరపేజీకి కుదించి పైవాళ్లకు పంపడం నా పని. కర్నూలు జిల్లాలో పుట్టి, హైదరాబాదులో లా చదివి, ఒక్కరోజైనా నల్లకోటు వేసుకోకుండా, నేను ఎన్నడూ చూడని దేశంలో ఎవరి ప్రహరీగోడ ఎవరి స్థలంలోకి జరిగిందో చదువుతూ పన్నెండేళ్లు గడిపాను.

నిష్ఠూరంగా చెప్పడం లేదు. ఆ పని నాకు ఇష్టం. ఎవరో ఇద్దరు కొట్లాడుకుంటారు, మూడోమనిషి ఇద్దరి మాటా తీరిగ్గా విని, ఎవరిది ఒప్పో ఎందుకు ఒప్పో రాసిపెడతాడు. మేం ముగ్గురు అన్నదమ్ములం. అట్లా వినే మనిషి మా ఇంట్లో ఒక్కడుంటే మా బాల్యం ఇంకొంచెం నిశ్శబ్దంగా గడిచేది.

నేను చెప్పబోయే మెకానిక్ మా ఫ్లాట్‌కు మొదటిసారి ఏసీ బాగుచేయడానికి వచ్చాడు. యాభై దగ్గరపడిన మనిషి, జగిత్యాల వైపు. గ్యాస్ అయిపోయిందేమోనని నా భార్య నాతో తెలుగులో విసుక్కుంటూ ఉంటే, గుమ్మంలోనే ఆగి చెవి పెట్టి విన్నాడు.

“గ్యాస్ గాదమ్మా, ఫ్యాన్ మోటర్ బేరింగ్ పోయింది. సప్పుడే చెప్తుంది” అన్నాడు.

విప్పి చూస్తే బేరింగే. పెద్ద పెద్ద భవనాలను చల్లబరిచే చిల్లర్ ప్లాంట్ల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాననీ, ఇళ్లలో ఏసీలు సెలవు రోజున చేసే చిన్న పనులనీ చెప్పాడు. నాది తెలుగని తెలిశాక వదల్లేదు. ఆ వచ్చే శుక్రవారం, వలస కార్మికులు ఉండే బతా పేటలో తమ మెస్సుకు తిండికి రమ్మన్నాడు. జుమా నమాజు అయ్యాక వెళ్లాను. మూడో అంతస్తులో ఒక గది, ఎనిమిది మంది మనుషులు, మటన్ కూర, పచ్చిపులుసు. ఆ తర్వాత ఏడేళ్లపాటు నేను వెళ్లని శుక్రవారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదటిరోజే ఎవరో నా పని గురించి అడిగారు. మాటల్లో చెబితే అర్థం కాదని ఆ వారం నేను కుదించిన ఒక తీర్పును కథలా చెప్పాను. ఒక ఫ్యాక్టరీలో కార్మికులు లోపలికి వెళ్లేముందు బూట్లు, హెల్మెట్, మందపాటి కోటు వేసుకోవాలి. దానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట డ్యూటీలో లెక్కా, కాదా? నేను ఇంకా ప్రశ్న పూర్తి చేయకముందే గది గదంతా లేచింది.

“బూట్లు ఏస్కోకుంటే గేటుకాడనే ఆపుతరు గదా సారూ. గది డ్యూటీ గాకుంటే మరేంది?” అన్నాడు మెకానిక్.

“అన్నం తిని పోతేనే పని చేస్తం. మరి అన్నం తినుడు గూడ డ్యూటీయేనా?” అన్నాడు తాపీపని చేసే ఒకాయన. ఆయన ఎప్పుడూ యజమానుల పక్షమే. వాదన నడవాలంటే అట్లాంటి మనిషి ఒకడు ఉండాలి.

అప్పుడు పుట్టింది ఆ ఆచారం. తిన్న తర్వాత ఖర్జూరాలు పంచుతారు. నేను ఆ వారం తీర్పును ఇద్దరి వాదనలతో సహా చెప్పి, ఫలితం దగ్గర ఆపేస్తాను. దావా వేసినవాడు గెలవాలనుకునేవాళ్లు ఖర్జూరం గింజను పళ్లెంలో కుడివైపు పెట్టాలి, ఓడాలనుకునేవాళ్లు ఎడమవైపు. పెట్టిన గింజను మళ్లీ కదపకూడదు. తర్వాత నేను అమెరికా ఏమందో చెబుతాను. గాలివానలో ఎగిరిపోయిన ఇంటికప్పు గాలికి పోయిందా, నీళ్లకు పోయిందా. పక్కింటివాళ్ల చెట్టు వేళ్లు మన గోడను పగలగొడితే ఖర్చు ఎవరిది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని వాయిదాకు గంట ఆలస్యంగా వచ్చినవాణ్ణి దేశం నుంచి పంపేయొచ్చా. సిమెంటు పనులు, పైపు పనులు చేసే ఆ ఎనిమిది మందీ సగానికి పైగా సార్లు అమెరికా జడ్జీలతో ఏకీభవించారు. ఏకీభవించనప్పుడు తప్పు జడ్జీదేనని తేల్చేవాళ్లు. నాకు ఒక్కోసారి నిజమే అనిపించేది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ గదిలో నాకు అది బాగా అలవాటైంది. వాళ్లకు నేను తీర్పులు చదివేవాణ్ణి మాత్రమే కాదు, తీర్పులు తెలిసినవాణ్ణి. కాదని నేనెప్పుడూ అనలేదు. అనిపించుకోవడం బాగుండేది.

ఒకవారం ఒక ఖైదీ కథ చెప్పాను. అప్పీలుకు గడువు ఎప్పటివరకో అతని వకీలు లెక్క తప్పాడు. ఒకే ఒక్క రోజు ఆలస్యం. ఏడు గింజలు కుడివైపు పడ్డాయి. తాపీ ఆయన గింజ ఒక్కటే ఎడమవైపు.

“లెక్క తప్పింది వకీలు. వకీలును పట్టుకోవాలె గని, జైల్ల ఉన్నోడు ఏం జేసిండు?” అన్నాడు మెకానిక్.

వకీలు పొరపాటు కక్షిదారుడే మోయాలి, గడువు గడువే అని కోర్టు కొట్టేసిందని చెప్పాను. నిజానికి ఆ వారమే నా బల్లమీదికి ఇంకో తీర్పు కూడా వచ్చింది. అందులో సలహా ఇచ్చినవాడు తప్పుదోవ పట్టించాడని నమ్మి, కోర్టు ఆలస్యాన్ని క్షమించింది. రెండింటినీ కుదించి పంపాను. గదిలో మాత్రం ఒక్కటే చెప్పాను. కథగా అదే బాగుంది మరి.

ఇక మెకానిక్ సంగతి. పదకొండేళ్లు పనిచేసిన కంపెనీ కాంట్రాక్టు అయిపోయి, అతన్ని వదిలేసింది. అది ఒక రంజాన్ పండుగ అయిన మూడోరోజు. ఇంకో కంపెనీకి మారాడు. అయితే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు, అతని ఇకామా మీద వృత్తి దగ్గర మొదటిరోజు నుంచీ ‘ఆమిల్’ అనే ఉంది, అంటే కూలీ. ఆ రోజుల్లో ఏ వీసా దొరికితే దాని మీద వచ్చేవాళ్లు, చేసేది ఇంకో పని. కొత్త కంపెనీలో అతను మళ్లీ హెల్పర్. ఎవరో టెక్నీషియన్ వెనకాల పనిముట్ల పెట్టె మోసుకుంటూ తిరిగేవాడు. కంప్రెసర్‌లో ఏం చెడిందో గుమ్మంలోనే తెలిసినా, అడిగేదాకా నోరు మూసుకుని నిలబడాలి.

ఏడాది కావస్తుండగా హుఫూఫ్ అనే ఊళ్లో ఖర్జూరాలు నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు అతని పనితనం ఎవరి ద్వారానో విని కబురు పెట్టారు. టెక్నీషియన్‌గా తీసుకుంటారు, ఇకామాలో వృత్తి కూడా మారుస్తారు. ఒక్కటే షరతు. పాత కంపెనీ నుంచి, ఇతను పదకొండేళ్లు చిల్లర్ టెక్నీషియన్‌గా పనిచేశాడని సర్టిఫికెట్ తేవాలి. పాత కంపెనీవాళ్లు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పి, చివరికి కాగితాల మీద నువ్వు కూలీవే కాబట్టి కూలీ అనే రాసిస్తాం అన్నారు.

“పైసల్ గీసల్ ఏమొద్దు సారూ. నేను చేసిన పని పేరు కాయితం మీద రాయమనున్రి. గంతే” అన్నాడు నాతో.

అతని దగ్గర పదకొండేళ్ల జాబ్‌కార్డులు ఉన్నాయి. ఏ ప్లాంటు, ఏ లోపం, ఏం బాగుచేశాడు, కింద అతని సంతకం, పక్కన ఇంజనీరు సంతకం. ప్లాస్టిక్ సంచిలో సంవత్సరాల వారీగా కట్టలు కట్టి దాచుకున్నాడు. ఇంత బలమైన కేసు నేను అమెరికా తీర్పుల్లో కూడా అరుదుగా చూశాను. కార్మిక కోర్టుకు వెళ్దామన్నాను. ఉద్యోగం వదిలిన ఏడాదిలోపు వెయ్యాలి, అర్జీ నేను రాస్తానన్నాను. మా ఆఫీసులో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో, బయటివాళ్లకు చట్టం విషయంలో సలహాలు ఇవ్వరాదని ఒక షరతు ఉంది. నా పేరు ఎక్కడా రాదు కదా అనుకున్నాను.

రంజాన్ నెల చివర్లో, పండుగ ఇంకా ఐదారు రోజులు ఉందనగా, ఇఫ్తార్ అయ్యాక మా ఇంటికి వచ్చాడు. నేను అప్పటికి తొమ్మిది పేజీలు రాసి మళ్లీ మొదటినుంచి దిద్దుతున్నాను.

“సారూ, వచ్చే వారం పండుగ గదా. నేను పని ఇడిసింది పోయిన పండుగ అయిన మూడోనాడు. పండుగకు పండుగకు ఏడాది గదా. ఈ లోపలనే ఏస్తే మంచిదేమో” అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

“పండుగ ఏటేటా పదకొండు రోజులు ముందుకు జరుగుతాదన్నా. దాన్ని బట్టి ఏడాది లెక్కెయ్యకూడదు. కంప్యూటర్లో చూసినా. నీకింకా పంతొమ్మిది దినాలుండాయి. నిదానమే ప్రధానం.”

“మీకెర్కే గదా సారూ” అని టీ తాగి వెళ్లిపోయాడు.

ఒక హిందువు పండుగను బట్టి లెక్కపెట్టాడు. ఐదు పూటలా నమాజు చదివే నేను, రంజాన్ ఎప్పుడు మొదలవుతుందో ఇంట్లో అందరికన్నా ముందు చెప్పేవాణ్ణి, అది లెక్క కాదని అతన్ని వెనక్కి పంపాను. జీతం ఇంగ్లీషు నెలల్లో వస్తుంది, అమెరికా తీర్పుల మీద ఇంగ్లీషు తేదీలు ఉంటాయి, నా తల ఆ లెక్కకే అలవాటుపడిపోయింది. ఇప్పుడైతే ఇక్కడ కూడా చాలావాటికి ఇంగ్లీషు తేదీలే వాడుతున్నారు. అప్పటికి కార్మికుల గడువులు చాంద్రమానం లెక్కన నడిచేవి. అతని ఏడాది, అతను చెప్పినట్టే, పండుగ అయిన మూడోరోజున పూర్తయిపోయింది.

ఆ రోజున నేను ఇంట్లో సేమ్యా తింటూ నాలుగో పేజీలో ఒక వాక్యాన్ని సరిచేస్తున్నాను. అమెరికా జడ్జీల్లో కొందరు రాసే పద్ధతి ఉంటుంది. ముందు జరిగింది, తర్వాత ప్రశ్న, తర్వాత ఒక్కో మెట్టుగా జవాబు. జన్మలో మొదటిసారి నాదైన కేసు దొరికింది, దాన్ని అట్లా రాయాలని నా తాపత్రయం. ఆలస్యం అమృతం విషం అని నా భార్య రెండుసార్లు అంది. ఆవిడకు చట్టం తెలియదని సరిపెట్టుకున్నాను. పదమూడు పేజీలయ్యాక బతాలో అరబీలోకి రాయించి, నా లెక్క ప్రకారం నాలుగు రోజులు మిగిలి ఉండగా ఆన్‌లైన్‌లో వేశాం. నిజం లెక్క ప్రకారం వారం దాటింది.

కోర్టుకు పంపేముందు రాజీ ప్రయత్నం ఒకటి ఉంటుంది. కంపెనీ తరఫున వచ్చిన మనిషి నా పదమూడు పేజీల్లో ఒక్కటి కూడా తిప్పలేదు. గడువు దాటింది అని ఒక్క ముక్క అన్నాడు. అధికారి తెరమీద తేదీలు చూసి తల ఊపాడట. ఆ సాయంత్రం మెకానిక్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను క్యాలెండర్ తెరిచాను. మంచం మీద కూర్చుండిపోయాను.

“నేను తప్పు చెప్పినానన్నా” అన్నాను.

“అయితే ఇప్పుడేం జేద్దాం సారూ?” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండునని అనిపించింది.

కేసు కోర్టుకు వెళ్లింది. చట్టాన్ని ఈసారి సరిగ్గా చదివాను. గడువు దాటినా, ఆలస్యానికి కోర్టు ఒప్పుకోదగిన కారణం చూపిస్తే కేసు వినొచ్చని అందులోనే ఉంది. ఒక తలుపు తెరిచే ఉంది. చదువుకున్నవాడొకడు, లా చదివినవాడు, ఇతను సరైన లెక్క చెబుతున్నా కాదని ఆపాడు. ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది? కాకపోతే ఆ చదువుకున్నవాడెవరని అడుగుతారు. నా పేరు, నా ఇకామా నంబరు, నేను పనిచేసే చోటు రికార్డులోకి ఎక్కుతాయి. మా కంపెనీకి తెలిస్తే ఏమవుతుందో నేను సంతకం పెట్టిన కాగితమే చెబుతోంది. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి.

“వాయిదాలో మీరే చెప్పేయండి, తప్పు నాదని. ఆయన నోటితో చెప్పించొద్దు” అంది నా భార్య.

చూద్దాంలే అన్నాను. చూద్దాంలే అనే మాట ఎన్ని పాపాలను మోస్తుందో ఆ వారం తెలిసింది. మెకానిక్‌తో మాత్రం, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, నా పేరు చెప్పినా ఏం కాదు అన్నాను. నా గొంతు ఎంత పలచగా పలికిందో నాకే వినిపించింది. శబ్దాన్ని బట్టి లోపం పట్టే మనిషికి వినిపించకుండా ఎట్లా ఉంటుంది?

విచారణ ఫోన్‌లోనే, వీడియోలో. ఒక మంగళవారం పొద్దున పది గంటలకు. అతని గదిలో సందడి, మా ఇంటికి రమ్మంటే మొహమాటం, అందుకని నా కారులోనే కూర్చున్నాం, అతని వర్క్‌షాప్ బయట ఒక గోడ నీడలో. ఫోన్‌ను అతని ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టాను. నేను డ్రైవర్ సీట్లో, తెరలో కనబడకుండా. ఒళ్లో జాబ్‌కార్డుల కట్టలు పెట్టుకున్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు.

జడ్జీ నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. పక్కన దుబాసీ గొంతు హిందీలో చెబుతోంది. పేరు, పని, ఎప్పుడు వదిలావు. జాబ్‌కార్డులు చూపించమంటే ఒకటి తీసి ఫోన్‌కు దగ్గరగా పట్టుకున్నాడు. జడ్జీ దాన్ని చాలాసేపు చూశాడు. ఈ కేసు వినాలనే జడ్జీ అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి జడ్జీల రాతలు చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలుస్తుంది. అప్పుడు అడిగాడు. వారం ఆలస్యం ఎందుకైంది? కారణం ఏమైనా ఉందా?

మెకానిక్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేవాణ్ణని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. చేయి చాపితే ఫోన్ అందేంత దూరంలో ఉన్నాను.

“మైఁ ఖుద్ భూల్ గయా సాబ్” అన్నాడు. నేనే మర్చిపోయాను అని.

దుబాసీ రెండోసారి అడిగాడు. జబ్బుగానీ, ప్రయాణంగానీ, ఇంకేదైనా? జడ్జీ అడగమన్నాడేమో. నేను స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా గోడను చూస్తున్నాను.

“నహీఁ సాబ్. మేరీ గల్తీ.” లేదు, తప్పు నాదే అని.

గడువు దాటిన కారణంగా దావా తిరస్కరించడమైనది. అరపేజీ కూడా లేదు ఆ తీర్పు. కుదించడానికి ఏమీ లేదు. హుఫూఫ్ కోల్డ్ స్టోరేజీవాళ్లు ఇంకో నెల చూసి వేరేవాణ్ణి తీసుకున్నారు. అతను ఇంకో మూడేళ్లు ఆ పెట్టె మోసి, ఆమిల్‌గానే, మళ్లీ రాకుండా, ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ పొద్దున మాత్రం ఫోన్ ఆరిపోయాక అతను జాబ్‌కార్డులను ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం సర్ది, రబ్బరుబ్యాండ్లు వేసి, సంచిలో పెట్టుకున్నాడు.

“నా పేరు ఎందుకు చెప్పలేదన్నా?” అన్నాను.

“మీకు నౌకరి ఉన్నది, పిల్ల చదువుతున్నది” అన్నాడు. తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. నా వైపు తిరిగి అడిగాడు. దెప్పడానికి కాదు, తెలుసుకోవడానికే.

“నేను జెప్తె తీర్పు మారుతుండెనా సారూ?”

“మారేది కాదన్నా” అన్నాను.

అతను నమ్మాడు. దిగి, సంచి భుజాన వేసుకుని, డ్యూటీకి వెళ్లిపోయాడు.